దేవుడికి ఇష్టమైన గుండు

మొన్న వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన ఇనుప గుండుకు నా కాలి బొటనవేలు తగిలి ప్రాణం పోయినంత పనైంది. "నీ గుండు పగల!" అని గట్టిగా తిట్టాను. ఇంట్లో ఎవరూ లేరు. తిట్టింది ఇనుప ముద్దను. తిట్టాక నాకే నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ తిట్టుకు అసలు హక్కుదారు వేరే ఉన్నాడు. ఆయన పోయి చాలా కాలమైంది. బతికున్న రోజుల్లో ఆ మాట ఆయన చెవిన పడితే, "ఏ గుండే అమ్మీ, ఇనుప గుండా, నా గుండా?" అని అడిగి, మనం నవ్వకముందే తనే పగలబడి నవ్వేవాడు.

ఆయన మా మేనమామ. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. పేరు చెప్పను. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు కూడా. ఊరందరికీ ఆయన గుండు మామ. వరసకు అన్నలైనవాళ్లు మాత్రం గుండోడా అనేవాళ్లు, దానికీ పలికేవాడు.

ఆ గుండు కాకముందు ఆయన నెత్తిన ఎంత జుట్టుండేదో ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. ఉంగరాలు ఉంగరాల జుట్టు. దానికి పొద్దున ఆముదం, సాయంత్రం ఆముదం. మిగతావాళ్లు మొలలో బీడీలు పెట్టుకునే చోట ఈయన చెక్క దువ్వెన పెట్టుకునేవాడు. పని చూస్తే మూటలు మోయడం. మా పల్లె నుంచి చింతపండు బస్తాలు బండికెత్తి, తర్లుపాడు రైలు స్టేషనులో దింపి, కాటా మీద పెట్టి, మళ్లీ వ్యాగనులోకి ఎక్కించాలి. మిగతా కూలీలందరూ మూటలు నెత్తిన మోస్తే, ఈయన మాత్రం జుట్టు నలుగుతుందని వీపు మీద మోసి, నడుం నొప్పి అని మూలిగేవాడు. పెళ్లి కాలేదు. ఆ జుట్టే ఆయన సంసారం.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా మామ అబద్ధాలకోరు. ఎవరికీ నష్టం లేని అబద్ధాలు, కానీ అబద్ధాలే. నల్లమలలో పెద్దపులి ఎదురొచ్చిందట. ఈయన జుట్టు చూసి సింహమనుకొని పక్కకు జరిగి దారిచ్చిందట. "నిజమా మామా?" అంటే, "నా నెత్తిన చెయ్యి పెట్టుకొని చెప్తాండా" అని చెయ్యి లేపేవాడు. ఇక్కడే ఒక గుట్టుంది, ఇంట్లోవాళ్లకే తెలుసు. నిజమైతే అరచెయ్యి నెత్తిన ఆనేది. అబద్ధమైతే అంగుళం పైన గాలిలోనే ఆగేది. దేవుని భయం అంతో ఇంతో ఉంది కదా, నెత్తిన ఆనించి దొంగ ఒట్టు పెట్టడానికి చెయ్యి రాదు. ఆ గుబురు జుట్టులో చెయ్యి ఆనిందో లేదో బయటివాళ్లకు తెలిసేది కాదు. అట్లా ఊరందరి చేతా పులిని నమ్మించాడు.

అది చెన్నపట్నం సర్కారు కాలం. మా వైపంతా అప్పుడు కర్నూలు జిల్లా. మా పల్లెలో అందరం ప్రార్థనకు పోయేవాళ్లమే, అందరం కూలివాళ్లమే. ఆడవాళ్లకు వేసవిలో దొరికే పని ఒక్కటే, చింతపండు గింజ తీయడం. ఆ పని జరిగే కొట్టం మా మందిరం సంఘ పెద్దది. ఆయన్ను పెద్దాయన అనేవాళ్లం. తెల్ల కండువా, పెద్ద గొంతు. మందిరానికి గంట కొనిచ్చింది ఆయనే. అందుకని గంట మోగినప్పుడల్లా తల పక్కకు వంచి, తన ధర్మాన్ని తనే వింటూ నిలబడేవాడు. పాస్టరు అయ్యగారు మార్కాపురం నుంచి సైకిలు మీద నెలకొక ఆదివారమే వచ్చేవాడు. మిగతా ఆదివారాలు వాక్యం చదివేది పెద్దాయనే.

కొట్టంలో పద్ధతి ఇది. మాకు చింతకాయ తూచి ఇస్తారు. మేం పెచ్చు, పీచు, గింజ తీసి పండు తూచి ఇవ్వాలి. ఇంత కాయకు ఇంత పండు రావాలని ఒక లెక్క. సరిపోతే కూలి జొన్నలు. తక్కువైతే జొన్నల్లో కోత. మా అమ్మకు ప్రతిరోజూ తక్కువ వచ్చేది. నిజానికి అందరికీ తక్కువే వచ్చేది. మిగతా ఆడవాళ్లు తెలివిగలవాళ్లు, పండు మీద కాసిని నీళ్లు చిలకరించి, ముద్ద మధ్యలో నాలుగు గింజలు కుక్కి సరిపెట్టేవాళ్లు. మా అమ్మకు అది చేతకాదు. "దేవుడు చూస్తాడు" అనేది. దేవుడి సంగతేమో కానీ పెద్దాయన చూశాడు.

"ఏమ్మే, మళ్లీ తక్కువొచ్చినాది. ఇంటికి ఎత్తకపోతాండావా?" అన్నాడు ఒకరోజు అందరి ముందర.

"గింజ కూడా నా ఇంటికి రాలేదు పెద్దాయనా" అంది అమ్మ.

"అయితే యాడికి పోయినాది? దేవదూతలొచ్చి తినిపోయినారా? ఈ నెల అయ్యగారొచ్చే ఆదివారం అందరి ముందర లేచి నిలబడి, నేను దొంగనని ఒప్పుకో. లేదంటే కొట్టంలోకీ రావద్దు, మందిరంలోకీ రావద్దు."

అమ్మ ఇంటికొచ్చి పొయ్యి ముందర కూర్చుంది కానీ పొయ్యి వెలిగించలేదు. నాయన పోయి అప్పటికి రెండేళ్లు. ఆ జొన్నలు తప్ప మాకు ఇంకో తిండి దారి లేదు. దొంగ అని ఒకసారి పేరు పడితే కొనకనమిట్ల దాకా పోయినా ఎవరూ పనిలో పెట్టుకోరు. "చెయ్యని తప్పు ఎట్ల ఒప్పుకునేది? ఒప్పుకోకపోతే ఎట్ల బతికేది?" అని మామను అడిగింది. మామ గుమ్మంలో కూర్చొని తల దువ్వుకుంటున్నాడు. దువ్వెన మధ్యలో ఆగిపోయింది. అది ఆగడం నా జన్మలో నేను చూసింది అదే మొదటిసారి.

ఆ తర్వాతి ఆదివారం పెద్దాయన వాక్యం చదివాడు. ఆయనది వరస చదువు. పోయిన వారం ఎక్కడ ఆపితే ఈ వారం అక్కడి నుంచి మొదలు. ఆ రోజు ఆయన ఖర్మ కొద్దీ వచ్చిన వాక్యం ఏమిటంటే, దొంగ తక్కెడ అంటే దేవునికి అసహ్యం, సరైన గుండు అంటే ఇష్టం అని. మొదటి సగాన్ని పెద్దాయన దగ్గులో కలిపేశాడు. రెండో సగం వచ్చేసరికి అలవాటు కొద్దీ గొంతు పైకి లేచింది. సరైన గుండంటే దేవునికి ఎంతో ఇష్టమన్న ముక్క ఒక్కటే మందిరమంతా మోగింది.

వెనక వరస నుంచి మామ లేచి నిలబడ్డాడు. మా మందిరంలో మధ్యలో లేచి ప్రశ్న అడిగినవాడు అంతకుముందు లేడు.

"పెద్దాయనా, ఒక సందేహం. గుండంటే ఈ గుండేనా?" అని తన తల చుట్టూ వేలు తిప్పి చూపించాడు.

ఇక్కడ ఒక మాట. మా పల్లెలో తూకం గుండును గుండు అనరు, ఇనుపదైనా సరే రాయి అంటారు. వీశె రాయి, శేరు రాయి. గుండు అంటే మాకు తిరపతి గుండే. నేను నాలుగో తరగతి చదివినదాన్ని, నాకే తట్టలేదు. పెద్దాయనకు తెలుసు. ఆయన నోరు తెరిచాడు. చాపల మీద వరసగా కూర్చున్న చింతపండు ఆడవాళ్ల వైపు చూశాడు. నోరు మూశాడు. మళ్లీ తెరిచాడు.

"ఆ... ఆ గుండే" అన్నాడు.

"జుట్టు తీసేసిన గుండా?"

"అవునయ్యా, కూర్చో."

"మరి సరైన గుండంటే ఎట్లుంటాది పెద్దాయనా?"

పెద్దాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "సరైనదంటే... నున్నగా. యాడా ఒక్క వెంట్రుక మిగలకుండా."

"సంతోషం" అని మామ కూర్చున్నాడు.

ఇంటికొచ్చి నా ముందర తల వంచి, "గీయి అమ్మీ" అన్నాడు. మా పల్లెకు మంగలి రాడు. ఎందుకు రాడో ఆ కాలంవాళ్లకు చెప్పక్కర్లేదు, ఈ కాలంవాళ్లకు చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది. మా నాయనే పల్లె మగవాళ్లకు గడ్డాలు గీసేవాడు. ఆయన పోయాక ఆ కత్తి నా చేతికొచ్చింది. ఆడపిల్ల కత్తి పట్టడమేందని నాలుగు రోజులు గొణిగారు, గడ్డాలు దురద పెట్టేసరికి వాళ్లే వచ్చి కూర్చున్నారు.

"పిచ్చా మామా నీకు?" అన్నాను.

"మా అక్క మీద దొంగ మాట పడినాది. దేవునికి ఇష్టమైంది మనం ఒకటి చేస్తే, ఆయన మన పక్క ఒకసారి చూడడా?"

అమ్మ ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉంగరాలు ఒక్కొక్కటే ఒడిలో పడుతుంటే మామ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అంతా గీశాక చూస్తే కుడిపక్క ఇంత సొట్ట. "ఇదేంది మామా?" అంటే, "పులి గీరినాది. నా నెత్తిన చెయ్యి పెట్టుకొని చెప్తాండా" అని చెయ్యి లేపాడు. చెయ్యికీ గుండుకూ మధ్య ఉన్న సందు వాకిట్లో నిలబడినవాళ్లందరికీ కనిపించింది. అన్నేళ్ల పులి ఆ పూట చచ్చిపోయింది.

అంతటితో ఊరుకున్నాడా? ఊరంతా తిరిగాడు. ఎవరికి ఏ కష్టముందో వెతికి మరీ చెప్పాడు. "పెద్దాయనే అర్థం చెప్పినాడు కదా, నువ్వు కూడా గీయించుకో, పోయేదేముంది, మళ్లీ మొలుస్తాది." ఒకడికి బర్రె ఈనాలి. ఒకడి భార్య అలిగి పామూరులో పుట్టింట్లో కూర్చుంది, తిరిగి రావాలి. ఒకడికి జొన్నకు వాన కావాలి. ఒకడు ఏ కష్టమూ లేక, అందరూ చేయించుకుంటున్నారని వచ్చి కూర్చున్నాడు. నేను తిట్టుకుంటూ గీశాను. మొండి కత్తి, మొండి తలలు. నా మణికట్టు వాచిపోయింది. వాళ్ల ఖర్మ కొద్దీ ఆ వారమే బర్రె కూడా ఈనింది. ఇంక చూసుకోండి, పల్లెలో జుట్టున్న మగవాడిని వెతకాల్సి వచ్చింది.

ఒక్క పెద్దాయనకే జుట్టు మిగిలింది.

"పెద్దాయన నెత్తి మాత్రం దేవునికి ఇష్టం లేకుండా ఉండాదే" అన్నాడు మామ, కొట్టం ముందర పది మంది వినేట్టు. "ఆ నెత్తి పెట్టుకొని అయ్యగారి ముందర ఎట్ల నిలబడతాడో పాపం."

అయ్యగారు వచ్చే ఆదివారానికి ముందు శనివారం పెద్దాయన మా గుడిసె ముందుకొచ్చి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, తిరగలి రాయి మీద కూర్చున్నాడు. చూసినవాళ్లు పదిహేను మంది.

ఆలోచించండి. నా చేతిలో కత్తి. నా ముందర మా అమ్మను దొంగ అన్నవాడి నెత్తి. ప్రభువు నన్ను క్షమించాలి, ఆ పని చాలా నిదానంగా చేశాను.

"మెల్లగా అమ్మీ" అన్నాడు.

"కదలొద్దు పెద్దాయనా. సరైన గుండు రావద్దా?"

రెండు చోట్ల తెగింది. కావాలని కాదు. ఒకటి కావాలని కాదు.

తెల్లారి అయ్యగారు సైకిలు దిగి మందిరంలోకి వచ్చాడు. తూర్పు వాకిలి నుంచి ఎండ లోపలికి పడుతోంది. ఆ ఎండలో వరసగా గుండ్లు, ఆముదం పూసినవి, మెరుస్తూ. అయ్యగారు వాకిట్లోనే ఆగిపోయాడు.

"ఎవరు పోయినారు?" అన్నాడు భయంగా.

ఎవరూ పోలేదన్నాం.

"అయితే ఊరు ఊరంతా తిరపతి పోయినారా?" గొంతులో కోపం. అప్పుడు మొదటి వరసలో పెద్దాయన కనిపించాడు. "మీరు కూడానా?"

పెద్దాయన నేల వైపు చూశాడు. మామ లేచి నిలబడి, చేతులు కట్టుకొని, ఎంతో అమాయకంగా చెప్పాడు. "దేవునికి సరైన గుండంటే ఇష్టమని పెద్దాయన చదివినాడయ్యా. ఏ గుండని నేను అడిగితే, ఈ గుండేనని ఆయనే అర్థం చెప్పినాడు. నున్నగా ఉండాలన్నాడు. చేయించుకున్నాం."

అయ్యగారు కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకొని ఆ గుండ్ల వరస చూసి మళ్లీ నవ్వాడు.

"ఒరే నాయనలారా, ఆ గుండు కాదురా! తూకం గుండు! మీరు రాయి అంటారే, వీశె రాయి, అది! దొంగ రాయి పెట్టి బీదోళ్లను మోసం చెయ్యొద్దని దేవుడు చెప్పినాడు. మీ జుట్టుతో ఆయనకేం పనిరా?"

నవ్వుతున్నది ఆయన ఒక్కడే. కాసేపటికి ఆయనకూ అది తెలిసింది. చాపల మీద ఆడవాళ్లందరి తలలూ ఒక్కటొక్కటిగా పెద్దాయన వైపు తిరిగాయి. జుట్టుంటే చెమట జుట్టులోనే ఇంకిపోయేది. గుండు మీద దాక్కునే చోటు లేదు. రెండు చారలుగా కారి, నేను చేసిన గాటు మీదుగా పోయింది. మండి ఉంటుంది.

అప్పుడు మా అమ్మ లేచింది. మందిరంలో పాట తప్ప మాట పలకని మనిషి.

"అయ్యగారూ, ఈ రోజు నన్ను లేచి నిలబడి దొంగనని ఒప్పుకోమన్నారు. నిలబడినా. కొట్టంలో వీశె రాళ్లు రెండు ఉండాయి. మాకు కాయ ఇచ్చేటప్పుడు ఒకటి, మా దగ్గర పండు తీసుకునేటప్పుడు ఒకటి. ఇన్నాళ్లూ రెండూ ఒకటేనని అనుకున్నా. ఆ రెండిటినీ ఒకదానికొకటి తూచండి. సరిసమానంగా నిలబడితే నేను దొంగను."

ఇద్దరు గుండువాళ్లు పరిగెత్తి తక్కెడా రాళ్లూ తెచ్చారు. మందిరం దూలానికి తక్కెడ వేలాడదీశారు. ఈ పళ్లెంలో ఒక రాయి, ఆ పళ్లెంలో ఒక రాయి. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. పండు తీసుకునే రాయి ఉన్న పళ్లెం దబ్బున కిందికి పోయి నేలకు తగిలింది.

"పాత రాయి అయ్యగారూ. అరిగిపోయినాది" అన్నాడు పెద్దాయన.

"అరిగితే తేలిక కావాల గదా పెద్దాయనా. ఇది బలిసినాదే" అన్నాడు మామ. రాయిని తిరగేసి చూస్తే అడుగున గుంట చేసి సీసం పోసి ఉంది.

ఇంక అరుపులు మొదలయ్యాయి. నిజం చెప్పాలి, మా అమ్మను దొంగ అన్నందుకు కాదు, కూలి జొన్నలు పోయినందుకూ కాదు, జుట్టు పోయినందుకు మగవాళ్లకు ఎక్కువ కోపం వచ్చింది. పామూరు నుంచి భార్య ఇంకా రానివాడు అందరికంటే పైన ఎగిరాడు. ఈ గోలలో ఒకావిడ గుండె కరిగి, "మేం కూడా నీళ్లు చల్లినాం అయ్యగారూ, గింజలు కుక్కినాం" అని ఒప్పేసుకుంది. అయ్యగారు రెండు చేతులా తల పట్టుకున్నాడు.

ఆ ఆదివారం అందరి ముందర నిలబడి ఒప్పుకున్నది పెద్దాయన. అప్పటి నుంచి కొట్టంలో ఇవ్వడానికీ తీసుకోవడానికీ ఒకటే రాయి. కోత పెట్టిన జొన్నలు కొందరికి తిరిగొచ్చాయి, కొందరికి రాలేదు. ఆయన మారాడని కూడా చెప్పను, రెండు నెలల్లో జుట్టు మొలిచింది, గొంతు కూడా మునుపటిలాగే మొలిచింది. మా అమ్మ మాత్రం జొన్నల సంగతి ఎత్తలేదు. "ఆ సీసం రాయి నాకియ్యండి" అంది. తెచ్చి తలుపుకు అడ్డం పెట్టింది. మొన్న నా వేలు విరగ్గొట్టబోయింది అదే.

అందరికీ జుట్టు మొలిచినా, మామ మళ్లీ పెంచలేదు. "అలవాటైపోయినాది అమ్మీ, గాలి బాగా తగులుతాండాది" అనేవాడు. ప్రతి శనివారం నా ముందర కూర్చునేవాడు. సంతకు పోతే ఏమీ కొనకుండా దుకాణం ముందర నిలబడి, మాట్లాడకుండా గుండు నిమురుకునేవాడు. ఆ కథ పామూరు దాకా పాకింది కదా, దుకాణంవాళ్లు ఆయన్ను చూసి కొనేవాళ్ల సంచిలో ఇంకో పిడికెడు వేసేవాళ్లు. ఆయన తలూపి పక్క దుకాణానికి పోయేవాడు. అబద్ధాలు మాత్రం చెప్పలేకపోయేవాడు. సందు అందరికీ కనబడిపోతోందిగా. అది ఊరికి పెద్ద నష్టమే.

తర్వాత నేను బడిపంతులమ్మనయ్యాను. ఒకసారి పిల్లలకు పలకల పార్శిలు విడిపించుకోవడానికి తర్లుపాడు స్టేషనుకు పోయాను. కాటా దగ్గర గుమాస్తా కూలివాడిని కేకేశాడు, "ఒరే, ఆ వీశె గుండు ఇట్లియ్యి" అని.

నేను అక్కడే నిలబడిపోయాను.

"దాన్ని రాయి అనరా ఇక్కడ?" అని అడిగాను.

"రాయేందమ్మా? ఈ స్టేషను పుట్టినప్పటి నుంచి గుండే."

మా మామ ఆ కాటా మీద పదేళ్లు మూటలు దింపాడు. రోజుకు వంద సార్లు ఆ మాట విని ఉంటాడు.

ఆ శనివారం నెత్తికి సబ్బు పట్టించి, కత్తి నూరుకుంటూ, ఊరికే అడిగినట్టు అడిగాను. "మామా, ఒకటి చెప్పు. ఆ పొద్దు పెద్దాయన చదివినప్పుడు, గుండంటే తూకం గుండని నిజంగా నీకు తెలియదా?"

"నాకేం తెలుసు అమ్మీ? మూటలు మోసుకునేవాణ్ణి, చదువా సంధ్యా! నా నెత్తిన చెయ్యి పెట్టుకొని చెప్తాండా."

చెయ్యి లేచింది. సబ్బు నురగకు అంగుళం పైన ఆగింది. అట్లాగే ఆగిపోయింది.

ఆ ఉంగరాల జుట్టు ఒక్కొక్కటే ఒడిలో పడుతుంటే ఆయన కళ్లు ఎంత గట్టిగా మూసుకున్నాడో గుర్తొచ్చింది.

"కదలొద్దు మామా" అన్నాను. ఆ సందులో నుంచి కత్తి పోనిచ్చి, ఒక్క వెంట్రుక కూడా మిగలకుండా గీశాను.